జొన్న రొట్టె, సాగరు కాలువ, వంగిన మోకాళ్లు: నీరు మారితే గింజ కూడా మారుతుందా?

హాలియా మనవడు:
అందరికీ నమస్కారం. చక్కెర జబ్బు ఆరంభ దశలో ఉందని తేలినప్పటి నుంచి నేను రాత్రిపూట అన్నం మానేసి జొన్న రొట్టె తింటున్నాను. గత నెల మా అమ్మమ్మ హాలియా దగ్గరి పల్లె నుంచి హైదరాబాదుకు వచ్చింది. నా పళ్లెంలోని రొట్టెను చూసి, "ఈ జొన్నలే మీ పెద్దమామ కాళ్లు వంచినయి, మళ్ల తెచ్చి ఇంట్ల పెట్టినవా" అని కోపగించుకుంది.

మా పెద్దమామ 1960లో పుట్టారు. పదమూడో ఏడు వచ్చేసరికి ఆయన మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకునేవి. నిలబడితే మడమల మధ్య జానెడు ఎడం ఉండేది. ఆయన ప్యాంట్లు ఎప్పుడు చిరిగినా మోకాలి లోపలివైపే చిరిగేవి కాబట్టి, అమ్మమ్మ కుట్టించేటప్పుడే అక్కడ రెండో గుడ్డ వేయించేదట. అది నీళ్లలోని ఫ్లోరైడు వల్ల వచ్చిన జబ్బు అనే నేను ఇన్నాళ్లూ విన్నాను. జొన్నల మీద నింద ఎందుకు వచ్చింది? అందులో నిజమెంత? తెలిసినవారు వివరించగలరు.

పోషణ పాఠం:
మీ అమ్మమ్మగారి మాటను పాతకాలపు నమ్మకంగా కొట్టిపారేయవద్దు. ఆ మాట వెనుక హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఉంది. ఆ సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు నల్లగొండ, ప్రకాశం ప్రాంతపు ఫ్లోరోసిస్ (ఫ్లోరైడు ఎక్కువై ఎముకలకు, పళ్లకు వచ్చే జబ్బు) గ్రామాలలో ఒక కొత్త లక్షణాన్ని గమనించి, 1973లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఫ్లోరోసిస్ ఈ నేలకు కొత్త కాదు. నెల్లూరు ప్రాంతంలో ఆ జబ్బు ఉందని 1937లోనే షార్ట్, ఆయన సహచరులు రాశారు. నల్లగొండ గురించి 1955లో సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆ పాత వర్ణనలలో ప్రధానంగా కనిపించేవారు నడుము, మెడ బిగుసుకుపోయిన పెద్దవాళ్లు. 1970ల ఆరంభంలో కనిపించినవారు ఎదిగే వయసు పిల్లలు, యువకులు. వారి మోకాళ్లు లోపలికి వంగాయి, కాళ్ల ఎముకలు గట్టిపడడానికి బదులు గుల్లబారాయి.

అదే ఫ్లోరైడు, అవే ఊళ్లు, అయినా జబ్బు రూపం వేరు. మధ్యలో మారింది ఏమిటన్న ప్రశ్న దగ్గర పరిశోధకుల దృష్టి నాగార్జునసాగర్ మీద పడింది. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు నుంచి 1967లో కాలువలకు నీరు వదిలారు. మీ మామగారికి అప్పటికి ఏడేళ్లు.

వారి ఊహ ఇలా సాగింది. జలాశయం నుంచి, కాలువల నుంచి ఊట దిగి భూగర్భ నీటిమట్టం పైకి వచ్చింది. నేలలో క్షారగుణం పెరిగింది. క్షారగుణం పెరిగిన నేలలో మాలిబ్డినం అనే లోహం మొక్క వేళ్లకు సులువుగా అందుతుంది. ఆ నేలలో పండిన జొన్న గింజలో మాలిబ్డినం ఎక్కువై, మూడు పూటలా జొన్న తినేవారి ఒంట్లోకి చేరింది. ఒంట్లో మాలిబ్డినం ఎక్కువైతే రాగి మూత్రం ద్వారా బయటికి పోతుంది. ఎముకకు ఆధారమైన కొల్లాజెన్ పోగులు ఒకదానితో ఒకటి అతుక్కోవడానికి రాగి కావాలి. రాగి కరువైన లేత ఎముక మీద ఫ్లోరైడు కూడా పనిచేస్తే, ఒంటి బరువుకు మోకాలు వంగిపోతుంది. (రాగి అంటే ఇక్కడ లోహం. రాగులు, అంటే తైదలు, వేరు. వాటి సంగతి తరువాత చెబుతాను.)

ఎముకల డాక్టరు:
వివరణ బాగుంది, కానీ అది నిరూపణ అయిన సత్యం అన్నట్టు చదువరులు అర్థం చేసుకోకూడదని నా మనవి. ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న ఊళ్లలో పిల్లల కాళ్లు వంగడానికి కాల్షియం లోపం ఒక్కటే చాలునని వాదించిన వైద్యులు మన దేశంలోనే ఉన్నారు. ఫ్లోరైడు ఎముకను కొత్తగా కట్టమని తొందరపెడుతుంది. కట్టడానికి కావలసిన సున్నం తిండిలో లేకపోతే కట్టిన ఎముక మెత్తగానే మిగులుతుంది. 100 గ్రాముల జొన్నలలో కాల్షియం 30 మిల్లీగ్రాములు కూడా ఉండదు. పాడి లేని ఇంట్లో జొన్న గటక, పచ్చిమిర్చి తొక్కు తిని పెరిగిన పిల్లవాడి కాళ్లు వంగడానికి సాగరు కాలువ అవసరమా అన్నది నా ప్రశ్న.

చెలక రైతు:
నాది మునుగోడు పక్క. ఫ్లోరైడు జబ్బు అనగానే అందరూ మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు పేర్లు చెబుతారు. మా భూములు సాగరు ఎడమ కాలువ కన్నా ఎత్తున ఉన్న మెట్ట చెలకలు. ఆ కాలువ నీరు మా పొలాల ముఖం చూడలేదు. రాని కాలువ ఊట మా పిల్లల కాళ్లు ఎట్లా వంచుతుంది? డాక్టరుగారి మాటే నాకు సబబుగా తోస్తున్నది.

భూజలం:
నేను భూగర్భ జలాల శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. రైతుగారి అభ్యంతరం చాలా విలువైనది, ఎందుకంటే మనం రెండు వేర్వేరు సంగతులను కలిపేసి మాట్లాడుతున్నాం.

మొదటిది ఫ్లోరైడు. నల్లగొండ గ్రానైటు రాతిలో ఫ్లోరైడు గల ఖనిజాలు ఉన్నాయి. నీరు ఆ రాతి పగుళ్లలో ఎంత ఎక్కువకాలం నిలిస్తే, ఆ నీటిలో బైకార్బనేటు ఎంత ఎక్కువగా, కాల్షియం ఎంత తక్కువగా ఉంటే, ఫ్లోరైడు అంత ఎక్కువగా కరుగుతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ అయిన చోట ఈ పని ఇంకా చురుకుగా సాగుతుంది. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండడం మంచిదనీ, వేరే దారి లేనప్పుడు 1.5 మించకూడదనీ మన భారతీయ ప్రమాణం చెబుతున్నది. మునుగోడు పక్క చేదబావులు ఎండి జనం లోతు బోర్లకు మారిన కొద్దీ కష్టం పెరిగింది. దీనికి సాగరుతో సంబంధం లేదు.

రెండోది గింజలో వచ్చిన మార్పు. ఇది ఆయకట్టులోనూ, దాని అంచుల్లోనూ జరిగే పని. కాలువ వచ్చిన నాలుగైదేళ్లకు పల్లపు పొలాలకు జాలు పడుతుంది. మడమ వేస్తే నీరు ఊరుతుంది. ఎండాకాలం ఆ నీరు ఆవిరై పైన తెల్లని చౌడు పేరుకుంటుంది. ఈ దృశ్యం ఎడమ కాలువ కింద నేను స్వయంగా చూశాను. చౌడెక్కిన నేలలో ఏ మూలకం మొక్కకు అందుతుంది, ఏది అందకుండా పోతుంది అన్న లెక్క మొత్తం మారిపోతుంది. సాగరు ఒక్కటే కాదు, తమిళనాడులో పరంబికుళం–ఆళియార్ ప్రాజెక్టు కింద, కర్ణాటకలో హోస్పేట ఆనకట్ట దగ్గర కూడా ఇటువంటి మోకాళ్ల జబ్బును గమనించారు.

చెలక రైతు:
అట్లయితే మా ఊరి జబ్బు వేరు, హాలియా మనవడుగారి మామ జబ్బు వేరు కావచ్చునన్నమాట. ఒకటే జిల్లా కాబట్టి ఒకటే కథ చెప్పడం మనకు అలవాటైంది.

జాలు పట్టిన నేల గడ్డి మేసిన పశువులు నీరసపడడం మా వియ్యంకుల ఊళ్లో విన్నాను. దానికి కూడా ఈ లోహమే కారణమా?

పోషణ పాఠం:
మీ వియ్యంకుల ఊరి పశువుల సంగతి పరీక్షించకుండా చెప్పలేం, కానీ పశువుల విషయంలో ఈ లంకె చాలా గట్టిది. ఇంగ్లండులోని సోమర్‌సెట్ ప్రాంతంలో కొన్ని క్షారనేలల పచ్చిక మేసిన ఆవులు విరేచనాలతో చిక్కిపోయేవి, వెంట్రుకల రంగు మారేది. పచ్చికలో మాలిబ్డినం ఎక్కువని కనిపెట్టి, ఆవులకు మైలుతుత్తం కొద్ది మోతాదులో ఇస్తే తేరుకున్నాయి. మైలుతుత్తంలో ఉండేది రాగి కదా. నెమరువేసే జంతువుల కడుపులో మాలిబ్డినం గంధకంతో కలిసి రాగిని బంధించివేస్తుంది.

మనిషి కడుపు ఆవు కడుపు కాదు కాబట్టి, మనుషులలో విడిగా చూడవలసి వచ్చింది. దేవస్థలే, గోపాలన్ గార్లు కొద్దిమంది వలంటీర్లకు మాలిబ్డినం తక్కువ, ఎక్కువ ఉన్న జొన్నలతో భోజనం పెట్టి, మాలిబ్డినం పెరిగితే మూత్రంలో రాగి కూడా పెరుగుతున్నదని 1974లో ప్రకటించారు. తరువాత మోకాళ్ల జబ్బు ఉన్న ప్రాంతపు గింజలను, లేని ప్రాంతపు గింజలను పోల్చి చూశారు. నాకు ఈ పరిశోధనలో అన్నిటికన్నా నచ్చేది ఇదే: ఆసుపత్రిలో రోగి దగ్గర ఆగిపోకుండా అతని గాదె దాకా, గాదె నుంచి పొలం దాకా, పొలం నుంచి కాలువ దాకా నడిచారు. పర్యావరణ మార్పు, ఆరోగ్యం అంటూ ఇప్పుడు పెద్ద పెద్ద విభాగాలు పెడుతున్నారు. ఆ పేర్లేవీ లేని కాలంలో మన నేల మీద జరిగిన పని ఇది.

ఎముకల డాక్టరు:
ఆ నడకను నేనూ గౌరవిస్తాను. అయినా లెక్క పూర్తి కావాలి కదా. 2000 ప్రాంతంలో అమెరికాలో టర్న్‌లండ్ బృందం యువకులకు నియమిత భోజనం పెట్టి, మాలిబ్డినం రోజుకు 1,500 మైక్రోగ్రాముల దాకా పెంచి చూస్తే రాగి నష్టం కనబడలేదు. అంటే 1974 నాటి ఫలితాన్ని తరువాతి ప్రయోగం బలపరచలేదు.

ఇంకొకటి. పోల్చినవి రెండు ప్రాంతాల గింజలు. ఒకే ప్రాంతంలో కాలువకు ముందు గింజ, తరువాతి గింజ కావు. రెండు ప్రాంతాల మధ్య కాలువ ఒక్కటే తేడా అని ఎలా చెప్పగలం? నేలలు వేరు కావచ్చు, విత్తనాలు వేరు కావచ్చు, ఇళ్లలో పాడి ఉండడం లేకపోవడం వేరు కావచ్చు.

పోషణ పాఠం:
న్యాయమైన ప్రశ్న. అమెరికా ప్రయోగంలో పాల్గొన్నవారు మంచి తిండి తిన్న ఆరోగ్యవంతులు. మన పిల్లలు ఫ్లోరైడు నీళ్లు తాగుతూ, కాల్షియం లేని తిండి తింటూ, ఏళ్ల తరబడి జొన్నే తిన్నవారు. అందువల్ల ఆ ప్రయోగం మన ఊహను కొట్టివేసిందని నేను అనను. ముందూ తరువాతా పోలిక లేకపోవడం మాత్రం ఈ పనిలోని అసలు లోటే. ఏదైనా పెద్ద ప్రాజెక్టు కట్టే ముందు అక్కడి నేలను, బావి నీటిని, గింజను, పిల్లల ఎత్తు బరువులను నమోదు చేసి ఉంచకపోతే, ఇరవై ఏళ్ల తరువాత మనలాగే ఎవరో ఒకరు ఊహల మీద వాదించుకోవలసి వస్తుంది.

జొన్నకు హైదరాబాదులో ఇది రెండో ఫిర్యాదు అన్న సంగతి కూడా చెప్పాలి. దక్కన్ పీఠభూమిలో జొన్న తినే పేదలకు పెల్లాగ్రా (బి3 విటమిన్ కొరత వల్ల చర్మం పాడయ్యే జబ్బు) ఎందుకు వస్తున్నదని వెతికి, జొన్నలోని లూసిన్ అనే ఆమైనో ఆమ్లం ఎక్కువ కావడం కారణమని గోపాలన్, శ్రీకాంతయ్య గార్లు 1960లో ప్రతిపాదించారు. పాపం, జొన్న.

మర్రిగూడ కోడలు:
పెద్దల చర్చ మధ్యలో చిన్న ప్రశ్నకు క్షమించాలి. మా అత్తగారింట్లో ఇప్పటికీ బోరు నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడు పోతుందని నమ్ముతారు. అది నిజమేనా?

భూజలం:
నిజం కాదమ్మా. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు మాత్రం గిన్నెలోనే ఉంటుంది. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీటిలో దాని శాతం పెరుగుతుంది. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ మీ జిల్లా పేరుతోనే "నల్లగొండ పద్ధతి" రూపొందించింది: పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి మడ్డిని తేర్చడం. మోతాదు నీటిని బట్టి మారుతుంది, రోజూ మడ్డి తీయాలి, తేరిన నీటిలో పటిక మిగలకూడదు. అందువల్ల అనేక ఊళ్లలో యంత్రం ఉన్నా వాడకం నిలవలేదు. మిషన్ భగీరథ కుళాయి వస్తుంటే తాగడానికీ, వంటకూ రెంటికీ ఆ నీళ్లే వాడండి. తాగడానికి కుళాయి నీళ్లు పట్టుకుని, అన్నం పప్పు మాత్రం బోరు నీళ్లతో వండే ఇళ్లను నేను చాలా చూశాను.

కాలువగా పారి, నేలలోకి ఊరి అపవాదు తెచ్చుకున్న కృష్ణ నీరే ఈనాడు శుద్ధమై గొట్టంలో వచ్చి అదే జిల్లాకు మందు అయింది.

పోషణ పాఠం:
కోడలుగారూ, మీ ఇంట్లో చింతపండు పులుసు మానవద్దు. బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చొప్పున 18 రోజులు చింతపండు ఇచ్చి చూస్తే, మూత్రంలో పోయే ఫ్లోరైడు పెరిగిందని పోషకాహార సంస్థవారే 2002లో ప్రకటించారు. అది మంచి నీటికి బదులు కాదు, తోడు మాత్రమే. కాల్షియం కోసం తైదల జావ ఇవ్వండి. 100 గ్రాముల తైదలలో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. మునగాకు, పాలు, పెరుగు ఎలాగూ మంచివే.

ఉత్తరాంధ్ర విద్యార్థి:
ఇదే వరుసలో ఉద్దానం కిడ్నీ జబ్బు కూడా నీటి వల్లేనని ఇక్కడ చర్చించవచ్చునా?

వేదిక నిర్వాహకులు:
ఉద్దానం జబ్బుకు ఏకైక కారణం ఇంకా తేలలేదు, పైగా దానికి విడి చర్చ అవసరం. దయచేసి వేరే శీర్షిక తెరవండి. ఇక్కడ నీరు, నేల, గింజ, ఎముక అనే దారిలోనే ఉందాం.

వరి శాస్త్రం:
నిర్వాహకుల మాట మీరకుండా ఆ దారికి గాలిని కూడా చేరుస్తాను. నేను వరి మీద పరిశోధన విద్యార్థిని. అసలు ప్రశ్న "నీరు మారితే గింజ మారుతుందా" కదా. గాలి మారినా మారుతుంది. పొలంలో గుండ్రంగా గొట్టాలు అమర్చి, బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడును) వదులుతూ, ఈ శతాబ్ది మధ్యకు గాలిలో ఉండబోయే స్థాయిలో పంటలు పండించి చూశారు. మయర్స్ బృందం 2014లో నేచర్ పత్రికలో ప్రకటించిన లెక్కల ప్రకారం, వరి గింజలో జింకు సుమారు 3 శాతం, ఇనుము 5 శాతం, మాంసకృత్తులు దాదాపు 8 శాతం తగ్గాయి. గోధుమలో జింకు 9 శాతం తగ్గింది. చైనా, జపాన్ పొలాలలో వరిని పరీక్షించిన మరో బృందం 2018లో బి విటమిన్లు కూడా తగ్గాయని, ఫోలేటు తగ్గుదల 30 శాతం దాకా ఉందని చూపింది. ఈ శాతాలు చిన్నవిగా కనబడతాయి, కానీ మూడు పూటలా అన్నమే తినే ఇంట్లో ఆ కొద్ది తరుగును పూడ్చే కూర, పప్పు, గుడ్డు ఉండవు.

విచిత్రమేమిటంటే, ఈ విషయంలో జొన్న నిర్దోషి. జొన్న, మొక్కజొన్నల ఆకు బొగ్గుపులుసు వాయువును పట్టుకునే తీరు వేరు కాబట్టి వాటి గింజలో మార్పు చాలా తక్కువగా కనిపించింది. నీరు మారినప్పుడు నింద మోసిన జొన్నే, గాలి మారినప్పుడు వరి కన్నా నిలకడగా ఉంది.

ఎముకల డాక్టరు:
ఇది నాకు కొత్త సంగతి. అయితే మోకాళ్ల జబ్బు విషయంలో మీరంతా ఒక కీలకాంశం వదిలేశారు. 1983లో ఉమ్మడి రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ తరువాత జొన్న తినే ఇళ్లు బియ్యానికి మారాయి. వంగిన మోకాళ్లతో కొత్త పిల్లలు రావడం తగ్గితే, అది నీరు బాగుపడి తగ్గిందా, తిండి మారి తగ్గిందా, పాడి పెరిగి తగ్గిందా? తిండి మారితే తగ్గిందని తేలితే, నేను ఇంతసేపూ కాదన్న మాలిబ్డినం వాదానికే బలం చేకూరుతుందని ఒప్పుకోక తప్పదు.

హాలియా మనవడు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ చదివాక అమ్మమ్మను కూర్చోబెట్టి వివరంగా అడిగాను. కాలువ వచ్చిన రెండో ఏటికే దాని కింది రెండెకరాలు వరికి మారిందట. జొన్నలు మాత్రం పైనున్న చెలకలో వేసేవారట. చెలక పక్క బావిలో నీళ్లు మోకాటి లోతు నుంచి రెండు నిలువుల దాకా ఎక్కాయని, తాగే నీళ్లు కూడా ఆ బావివేనని చెప్పింది. రెండు రూపాయల బియ్యం వచ్చాక ఇంట్లో జొన్నలు పట్టించడం మానేశారు. చిన్నమామ 1975లో పుట్టారు, ఆయన కాళ్లు తిన్నగానే ఉన్నాయి. అయితే ఆయన పుట్టిన ఏడే ఇంటికి బర్రె వచ్చింది.

ఎముకల డాక్టరు:
బర్రె వచ్చిందా! మీ ఒక్క ఇంట్లోనే నా వాదం, పోషణ పాఠంగారి వాదం రెండూ కూర్చున్నాయి.

పోషణ పాఠం:
మనవడుగారూ, మీ రొట్టె గురించి నా సలహా ఇది. నగరంలో మీరు కొనే జొన్నలు ఒకే పొలానివి కావు, మీరు తాగేది ఆ బావి నీరు కాదు, పైగా రోజుకు ఒక పూటే తింటున్నారు. మీ చక్కెరకు రొట్టె మేలే చేస్తుంది. ఒక గ్లాసు మజ్జిగ తోడు పెట్టుకోండి.

భూజలం:
ఆ బావి ఇంకా ఉంటే నీరు పరీక్షకు పంపండి, నేను సహాయం చేస్తాను. గాజు సీసా వద్దు. ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి నింపండి. సీసా మీద తేదీ, బావి లోతు, నీటిమట్టం, కాలువకు ఎన్ని అడుగుల దూరమో రాయండి. కాలువ పారేటప్పుడు ఒకటి, కట్టేసిన నెల తరువాత ఒకటి, రెండు సీసాలు కావాలి. ఆ చెలకలో ఎవరైనా ఇప్పటికీ జొన్న వేస్తుంటే కళ్లంలోనే అరకిలో గింజలు, అదే మడి నుంచి జానెడు లోతు మట్టి విడి సంచులలో తీసుకోండి.

హాలియా మనవడు:
బావి ఉంది, మోటారు కూడా ఉంది. జొన్న ఎవరూ వేయడం లేదు. చెలక అంతా బత్తాయి తోట అయింది. వచ్చే ఆదివారం వెళ్లి నీళ్లూ మట్టీ మాత్రం తెస్తాను. పెద్దమామ తానూ వస్తానంటున్నారు; ఆ బావి దగ్గర పాత మెట్లు ఎక్కడున్నాయో ఆయనకే తెలుసు.